తొంభై తొమ్మిదో నంబరు

ఆ ఉదయం బస్సు సరిగ్గా స్టాపు దగ్గరే ఆగింది. ట్రిగ్గరమ్మకి అదే వింతగా తోచింది. డ్రైవరక్క అయితే నాలుగడుగులు ముందే, చెట్టు నీడ అంచున తను నిలబడే చోటే ఆపేది. చిన్నగా హారన్ కొట్టి, "ఎక్కమ్మా ట్రిగ్గరమ్మా, నీకోసం ఊరంతా ఆగింది" అనేది. ఇవాళ సీట్లో ఎవరో కొత్తాయన.

"అక్క రాలేదా?"

"సస్పెండయిందటగా," అన్నాడాయన గేరు మారుస్తూ, ఎక్కడో వాన పడిందట అన్నంత మామూలుగా.

ట్రిగ్గరమ్మ అసలు పేరు డిపోలో ఎవరికీ గుర్తు లేదు. ఏ బస్సు ఎవరిది, ఎవరి డ్యూటీ ఎప్పుడు అన్నవన్నీ కంప్యూటర్లో పట్టికలుగా ఉంటాయి, ఆ పట్టికలన్నీ ఆమె చేతి కింద ఉంటాయి. ఎవరైనా వచ్చి "ఇదెందుకిలా మారింది?" అని అడిగితే "దాని మీద ట్రిగ్గర్ ఉందండీ" అంటుంది. పట్టికలో ఒక వరుస మారగానే ఎవరూ చెప్పకుండా తనంతట తానే నడిచే చిన్న ఆజ్ఞ అది. వినీ వినీ మెకానిక్కులు ఆ పేరు తగిలించారు. మొదట్లో ఉడుక్కునేది. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుంటుంది.

మేనేజర్ గది బయట బల్ల మీద డ్రైవరక్క కూర్చుని ఉంది. డ్యూటీ లేకపోయినా యూనిఫాం ఇస్త్రీ చేసుకుని వేసుకొచ్చింది. ఒళ్ళో సంచి, సంచిలో కళ్ళజోడు డబ్బా, చుక్కల మందు. డ్యూటీలు వేసే గుమాస్తా పక్కనే గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు.

"నా కళ్ళముందే కదయ్యా ఎక్కించావు," అంటోంది డ్రైవరక్క. "డాక్టరు చీటీ నీ చేతికే ఇచ్చాను. 'పగలు మాత్రమే' అని కొట్టావు. సేవ్ అయిందన్నావు. నేనూ చూశాను."

"కొట్టినట్టే గుర్తక్కా," అన్నాడు గుమాస్తా.

నిన్నటిదాకా "కొట్టాను" అన్న మనిషి, మేనేజర్ గట్టిగా అడిగేసరికి "కొట్టినట్టే గుర్తు" దాకా దిగాడు. ఇంకోసారి అడిగితే "గుర్తులేదు" అనేలా ఉన్నాడు.

జరిగింది చాలా చిన్న సంగతి. డ్రైవరక్కకి కంటి ఆపరేషనయింది. పగలు బాగానే కనిపిస్తుంది. చీకటి పడితే మాత్రం ఎదురొచ్చే లైట్లు చెదిరిపోయి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. కొన్నాళ్ళు పగటి డ్యూటీ మాత్రమే చెయ్యమని డాక్టరు రాసిచ్చాడు. అయినా బోర్డు మీద ఆమె పేరు పక్కన రాత్రి బస్సు పడింది. జనం ఎక్కి కూర్చున్న బస్సుని అక్కడే వదిలి, తాళాలు గుమాస్తా బల్ల మీద పెట్టేసి, "నేను తియ్యను, నాకు రోడ్డు కనపడదు" అంది. మేనేజర్ కంప్యూటర్ తెరిపించి చూస్తే ఆమె వరుసలో "ఎప్పుడైనా" అని ఉంది. డాక్టరు చీటీ సంగతి ఎత్తితే, "అది డ్యూటీ ఎగ్గొట్టాక తెచ్చి పెట్టిందేమో ఎవరికి తెలుసు" అన్నాడు. రేపు హెడ్డాఫీసు నుంచి విచారణకి మనిషి వస్తున్నారు. తప్పు ఆమెదే అని తేలితే ఉద్యోగం పోతుంది.

"ట్రిగ్గరమ్మా, నువ్వన్నా చెప్పు," అంది డ్రైవరక్క. "కంప్యూటర్ అబద్ధం ఆడుతుందా?"

"ఆడదక్కా. చెప్పింది చేస్తుంది. ఎవరు ఏం చెప్పారో చూడాలి."

"అయితే చూడమ్మా. నువ్వు చూస్తే నాకు ధైర్యం."

ఆమె గుమాస్తాని లోపలికి తీసుకెళ్ళి అతని కుర్చీలోనే కూర్చోబెట్టింది. తను పక్కన ఇంకో కుర్చీ లాక్కుంది.

"ఆ రోజు ఎలా చేశారో అలాగే చెయ్యండి. ఒక్కటి కూడా వదలకుండా."

గుమాస్తా ఒంటివేలితో కొడతాడు. వేలు గాలిలో తిరుగుతూ అక్షరం కోసం వెతుక్కుని, దొరకగానే ఠపీమని దిగుతుంది. డ్రైవరక్క వరుస తెరిచాడు. "ఎప్పుడైనా" తీసేసి "పగలు మాత్రమే" పెట్టాడు. సేవ్ నొక్కాడు. ఆకుపచ్చగా "సేవ్ అయింది" అని వచ్చింది. తెర మీద "పగలు మాత్రమే" అనే ఉంది.

"ఇంతే. ఇంతకంటే నేనేం చేస్తాను చెప్పండి?" అని లేవబోయాడు.

"ఉండండి. మూసేసి మళ్ళీ తెరవండి."

"ఎందుకండీ? సేవ్ అయిందిగా?"

"తెరవండి."

తెరిచాడు. "ఎప్పుడైనా" అని ఉంది.

గుమాస్తా తెరని వేలితో తడిమి చూశాడు, మరకేమో అన్నట్టు.

"ఇన్నాళ్ళూ ఇలాగే..." అన్నాడు మెల్లిగా.

"మీరు ఎప్పుడైనా మళ్ళీ తెరిచి చూశారా?"

"సేవ్ అయిందని అది చెబుతుంటే ఎందుకు చూస్తాను? మా ఆవిడ తలుపు గడియ వేశానంటే లేచి వెళ్ళి చూస్తానా?"

నిజమే, ఎవరూ చూడరు. తెర మీద కనిపించేది గుమాస్తా కొట్టిన మాట, పట్టికలో చివరికి మిగిలిన మాట కాదు. ఆ రెండూ వేరయ్యే రోజు వస్తుందని ఆ తెర తయారుచేసినవాళ్ళు అనుకోలేదు. ట్రిగ్గరమ్మ కూడా అనుకోలేదు.

"మీ ఇంట్లో కూరలో మీ ఆవిడ ఉప్పు వేసి వెళ్ళాక మీ అమ్మగారు వచ్చి నీళ్ళు పోస్తే?" అంది.

"రోజూ జరిగేదే."

"అదీ సంగతి. మీరు వేసిన ఉప్పు వేసినట్టే ఉంది. తర్వాత ఎవరో నీళ్ళు పోశారు. ఎవరో చూస్తాను."

తన గదికి వెళ్ళి తలుపు దగ్గరకి వేసుకుంది. ఒకే వరుస మీద నాలుగైదు ట్రిగ్గర్లు ఉంటే ఏది ముందు నడవాలి, ఏది తర్వాత నడవాలి అన్నదానికి ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ప్రతి ట్రిగ్గర్ పేరుకి ముందు ఒక నంబరు ఉంటుంది. చిన్న నంబరు ముందు, పెద్ద నంబరు తర్వాత. పది, ఇరవై, ముప్పై అని మధ్యలో ఖాళీలు వదులుతారు, రేపెవరికైనా చోటు కావాలంటే ఉండాలని. డాక్టరు చెప్పిన షరతుని కాపాడే ట్రిగ్గర్ ముప్పై. అది ఆమె రాసినదే. తొంభై తొమ్మిది మాత్రం ఎవరూ వాడకూడదు. అది బాబాయ్ పెట్టిన నియమం. "చివరి మాట మనిషికి ఉండాలి అమ్మడూ, మిషన్‌కి కాదు. ఆ నంబరు ఖాళీగానే ఉంచు," అని ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే చెప్పాడు.

బాబాయ్ అంటే చుట్టరికం ఏమీ లేదు. కంప్యూటర్ విభాగానికి పెద్ద. ఆమెకి పని నేర్పింది ఆయనే. టీ తెప్పించుకుంటే సగం ఆమె కప్పులో ఒంపి మిగతా సగం తాగుతాడు. ఆమె పెళ్ళిలో ఆడపిల్ల తరఫు పెద్దమనిషిగా తిరిగాడు. అందుకే బాబాయ్.

జాబితా తెరిచింది. పది, ఇరవై, ముప్పై, నలభై. ఆ కింద తొంభై తొమ్మిది.

రాసినవారి పేరు దగ్గర ఆమె పేరే ఉంది.

మొదట తనే రాసి మర్చిపోయిందేమో అనుకుంది. మనిషన్నాక మర్చిపోదా? లోపల చదివింది. డిపోలో రాత్రి బస్సులకి డ్రైవర్లు తక్కువగా ఉంటే, మారుతున్న వరుసలో ఏ షరతు ఉన్నా దాన్ని "ఎప్పుడైనా" చేసెయ్యమని ఉంది. అంతే. ముప్పై నంబరు తలుపు వేసి వెళ్తుంది, తొంభై తొమ్మిది వచ్చి తీసి పెడుతుంది. తప్పని చెప్పదు, గొడవ చెయ్యదు, ఎర్రక్షరాలు చూపించదు.

ఇంకోటి కూడా చూసింది. ఆ ట్రిగ్గర్ రాతలో ప్రతి షరతు తర్వాత ఒక ఖాళీ వరుస ఉంది. ఆ ఆఫీసులో ఎవరూ అలా రాయరు, ఒక్కరు తప్ప. "చదివేవాడికి ఊపిరాడాలి అమ్మడూ" అంటూ ఆ ఖాళీ వదలడం ఆయనకి అలవాటు. ఆమెకి ఎంత చెప్పినా అబ్బలేదు, ఇరికించి రాస్తుంది. కంప్యూటర్లో అన్ని అధికారాలూ ఉన్న అడ్మిన్ కాబట్టి ఆయన ఎవరి పేరు మీదనైనా రాయగలడు, దానికి ఆమె పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు.

ట్రిగ్గరమ్మ కుర్చీ వెనక్కి నెట్టింది. లేచి కిటికీ తెరిచి, కింద బస్సులు కడుగుతున్న నీళ్ళ చప్పుడు వింటూ కాసేపు నిలబడింది.

*

బాబాయ్ పెద్ద కంప్యూటర్లుండే మెషిన్ల గదిలో ఉన్నాడు. ఆ గది ఎప్పుడూ చల్లగా ఉంటుంది, అందుకని లోపల స్వెట్టర్ వేసుకుంటాడు. ఆమెని చూడగానే ఫ్లాస్కు తీసి, తన కప్పులోంచి సగం ఇంకో కప్పులోకి ఒంపాడు.

"బాబాయ్, తొంభై తొమ్మిదిలో ఏదో ఉంది."

ఆయన ఫ్లాస్కు మూత బిగించాడు. బిగిసినదాన్నే మళ్ళీ బిగించాడు.

"చూశావా," అన్నాడు.

కాదంటాడేమో, ఇంకెవరో అంటాడేమో అని వచ్చింది. రెండూ అనలేదు. అందుకు ఆ క్షణంలో ఆయన మీద గౌరవం కూడా కలిగింది, తర్వాత తల్చుకుంటే తనకే నవ్వొచ్చేంత.

"మేనేజర్ పీకల మీద కూర్చున్నాడు అమ్మడూ. రాత్రి బస్సులు ఆగిపోతున్నాయి, పైనుంచి తిట్లు. ఒకడికి నడుం నొప్పి, ఒకడికి నిద్ర పట్టదు, ఇంకొకామెకి కన్ను. అందరూ పగలే అంటే రాత్రి ఎవడు తోలతాడు? కొన్నాళ్ళకని పెట్టాను. తీసేద్దామనుకుంటూనే మర్చిపోయాను."

"అక్కకి నిజంగానే కనపడదు బాబాయ్. ఆ రోజు తాళాలు తీసుకుని ఉంటే?"

"తీసుకోలేదుగా."

"నా పేరు మీద ఎందుకు పెట్టారు?"

బాబాయ్ కళ్ళజోడు తీసి స్వెట్టర్ అంచుతో తుడుచుకున్నాడు. జోడు లేకపోతే ఆయన ముఖం ఎప్పుడూ అమాయకంగా కనిపిస్తుంది.

"ఆ పట్టిక నీది. వేరే పేరుంటే నువ్వు వెంటనే అడుగుతావు. నీ పేరే ఉంటే నువ్వు కూడా పట్టించుకోవు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. కప్పు కింద పెట్టేసింది.

"ఏడవకు. నేను లేనా?" అని లేచి తల మీద చెయ్యి వేశాడు. "రేపు విచారణలో నువ్వు అందరి ముందూ చేసి చూపించు. అది ఎలా మారిపోతోందో వాళ్ళ కళ్ళతో వాళ్ళే చూస్తారు. ఎవరు రాశారో నేను చెబుతాను. నా నోటితో నేనే చెబుతాను. ఈ వయసులో నన్నేం పీకుతారు?"

"అప్పటిదాకా దాన్ని ముట్టుకోకండి బాబాయ్. అది ఉంటేనే రుజువు."

"నాకు చెబుతున్నావా?" అని నవ్వాడు.

తన గదికి వచ్చాక తెరని ఒక ఫోటో తీసి ఉంచుకుందామా అనిపించింది. ఫోను చేతిలోకి కూడా తీసుకుంది. వెంటనే సిగ్గేసింది. మాటిచ్చింది బాబాయ్, ఎవరో దారినపోయేవాడు కాదు. ఫోను సంచిలో పడేసి ఇంటికి బయల్దేరింది.

ఇంట్లో అత్తగారు మోకాలికి నూనె రాసుకుంటూ ఫోనులో నవ్వుతూ మాట్లాడుతోంది. కోడల్ని చూసి ఫోను పెట్టేసింది.

"మీ బాబాయ్ చేశాడు. మోకాలెలా ఉందని. కన్నకొడుకు పక్కగదిలో ఉండి అడగడు, ఆయన పనిగట్టుకుని అడిగాడు. నీ గురించి కూడా చెప్పాడు, అమ్మాయి కాస్త బెంగగా ఉంది, గట్టిగా అన్నం పెట్టండి అని. అలాంటి మనిషి ఆఫీసుకొకడుండాలి."

"ఎక్కణ్ణుంచి చేశాడు?"

"ఆఫీసు నుంచే అన్నాడు. ఏదో చిన్న పని మిగిలిందట, చూసుకుని వెళ్తాడట."

ట్రిగ్గరమ్మ చెప్పులు విడుస్తూ, పాపం, అనుకుంది. రేపు చెప్పాల్సింది తల్చుకుని ఇంటికి పోలేకపోతున్నాడనుకుంది. ఆ రాత్రి అత్తగారు వడ్డించినదంతా తినేసింది.

*

విచారణకి వచ్చిన అధికారిణికి జలుబు చేసి ఉంది. చేతిరుమాలు గుప్పిట్లో పెట్టుకుని, తుమ్ము వచ్చినప్పుడల్లా "సారీ" అంటూ, మిగతా అందరినీ మాత్రం సారీ లేకుండా ప్రశ్నలడుగుతోంది. డ్రైవరక్క ఆమెకి ఎదురుగా నిటారుగా కూర్చుంది. గుమాస్తా తలుపు దగ్గర. మేనేజర్ పక్కన బాబాయ్, ముందు టీ కప్పు.

"నాకు కంప్యూటర్ భాష తెలీదు," అంది అధికారిణి. "మామూలు మాటల్లో చెప్పండి."

ట్రిగ్గరమ్మ మామూలు మాటల్లోనే చెప్పింది. గుమాస్తా ఎక్కించాడు, ఎక్కినట్టు చూశాడు, కానీ వెనకాల ఇంకో ఆజ్ఞ వచ్చి దాన్ని చెరిపేసింది, చెరిపినట్టు ఎవరికీ చెప్పలేదు. చెబుతున్నంతసేపూ డ్రైవరక్క తల ఊపుతూనే ఉంది, తనకి ముందే తెలిసినట్టు.

"ఇప్పుడు చూడండి," అని గుమాస్తాని పిలిచింది.

ఒంటివేలు గాలిలో తిరిగింది. "పగలు మాత్రమే." సేవ్. ఆకుపచ్చ అక్షరాలు.

"మూసేసి మళ్ళీ తెరవండి."

తెరిచాడు.

"పగలు మాత్రమే" అని ఉంది.

అధికారిణి తుమ్మింది, సారీ అంది.

"ఇంకోసారి," అంది ట్రిగ్గరమ్మ. గుమాస్తా ఇంకోసారి చేశాడు. పెట్టినది పెట్టినట్టే ఉంది. ఆమె మౌసు లాక్కుని ట్రిగ్గర్ల జాబితా తెరిచింది. పది, ఇరవై, ముప్పై, నలభై. కింద ఏమీ లేదు. ఎప్పుడూ ఏమీ లేనంత శుభ్రంగా ఉంది.

"బాగానే పనిచేస్తోందిగా," అన్నాడు మేనేజర్. "అంటే ఆ రోజు ఎక్కించలేదన్నమాట."

"నేను ఎక్కించా..." అని గుమాస్తా మొదలుపెట్టి, మేనేజర్ ముఖం చూసి, "నాకు సరిగ్గా గుర్తులేదండీ," అని ముగించాడు.

ట్రిగ్గరమ్మ బాబాయ్ వైపు తిరిగింది. ఆయన టీ తాగుతున్నాడు. మొత్తం కప్పు ఆయనే తాగుతున్నాడు.

"అమ్మాయి మంచిది మేడమ్," అన్నాడు అధికారిణితో, ఎంతో మెత్తగా. "డ్రైవరమ్మ అంటే అభిమానం. ఆదుర్దాలో ఏదో చూసి ఏదో అనుకుంది. పని ఎక్కువైంది తనకి, నేను కొంచెం సెలవిచ్చి ఉండాల్సింది."

నిన్న ఆయన చెయ్యి పడిన చోట నెత్తి మీద మంటగా అనిపించింది ఆమెకి. నిజంగానే మంట. అంటే ఆ సాయంత్రం అత్తగారి మోకాలు గురించి అడుగుతూ, ఇంకో చేత్తో దాన్ని తుడిచేశాడు. గట్టిగా అన్నం పెట్టమని చెప్పి మరీ తుడిచేశాడు. అరవాలనిపించింది. అరిస్తే ఆదుర్దా అన్న మాట నిజమవుతుందని నోరు నొక్కుకుంది.

డ్రైవరక్క సంచిలోంచి చుక్కల మందు తీసింది. వేళయినట్టుంది. తల వెనక్కి వాల్చి, అందరి ముందే, ఒక్కో కంట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. మందు చెంపల మీదకి జారింది. తుడుచుకోలేదు.

ఆ మూసిన కళ్ళని చూస్తుంటే ట్రిగ్గరమ్మకి శిక్షణ గది గుర్తొచ్చింది.

కొత్త గుమాస్తాలు అసలు పట్టికల మీద చేతులు పెట్టి పాడుచెయ్యకుండా, వారానికోసారి మొత్తం నకలు తీసి శిక్షణ గదిలోని కంప్యూటర్లో పెడుతుంది. పట్టికలు, వాటి మీది ట్రిగ్గర్లు, అన్నీ ఉన్నవి ఉన్నట్టుగా. అది ఆమె ఒక్కదాని పని. బాబాయ్ ఆ గదిలో అడుగు పెట్టడు. దాన్ని బొమ్మలాట గది అంటాడు.

ఈ వారం నకలు బాబాయ్ తుడిచెయ్యకముందే తీసింది కాబట్టి అక్కడ తొంభై తొమ్మిది ఇంకా ఉంటుంది. దాని మీద తన పేరు కూడా ఉంటుంది.

బాబాయ్ నోటితో ఆయనే చెబుతానన్నప్పుడు ఆ పేరు గురించి భయం లేదు. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. చూపిస్తే అక్క నిలబడుతుంది, తను మునుగుతుంది. ఊరుకుంటే తన పేరు శుభ్రంగా ఉంటుంది, బాబాయ్ సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి అత్తగారి మోకాలు గురించి అడుగుతాడు. ఇంత తేలిగ్గా బతకొచ్చు కదా అనిపించి, అలా అనిపించినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

"మేడమ్, పక్కగదికి ఒక్కసారి రండి," అంది.

బాబాయ్ కప్పు కింద పెట్టాడు. సాసరులో కాదు, బల్ల మీద.

శిక్షణ గదిలో కుర్చీలు చాలక అందరూ నిలబడ్డారు. ఆమె గుమాస్తాని కూర్చోమంది. అతని ఒంటివేలు ఈసారి ఒక్కో అక్షరం దగ్గర ఆగి సరిచూసుకుంది. డ్రైవరక్క వరుస. "పగలు మాత్రమే." సేవ్ అయింది. మూసి తెరిచాడు.

"ఎప్పుడైనా."

"అదుగో!" అని అరిచాడు గుమాస్తా. కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. "నేను కొట్టాను మేడమ్! ఆ రోజూ కొట్టాను! నాకు బాగా గుర్తుంది!"

అధికారిణి తనే కూర్చుని, తన చేత్తో చేసి చూసింది. మళ్ళీ అదే. చేతిరుమాలు పక్కన పెట్టి, "ఈ ఆజ్ఞ రాసింది ఎవరు?" అంది.

బాబాయ్ కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

"చెప్పండి సార్," అంది ట్రిగ్గరమ్మ.

ఆ మాటకి ఆయన చెయ్యి ఆగింది. ఇన్నేళ్ళలో ఆమె నోటి నుంచి ఆయన ఆ పిలుపు వినలేదు. గుమాస్తా కూడా తల తిప్పి చూశాడు.

"నాకేం తెలుసు?" అన్నాడాయన జోడు పెట్టుకుంటూ. "రాసినవాళ్ళ పేరు అందులోనే ఉంటుంది. చూసుకోండి."

ఆమె తెరిచింది. అధికారిణి ముందుకి వంగి, పేరు పైకి చదివింది. అసలు పేరు. ఆ గదిలో చాలామంది ఆ పేరు మొదటిసారి అప్పుడే విన్నారు. డ్రైవరక్క కూడా.

"మీరేనా?"

"నా పేరు మీద ఉంది. రాసింది నేను కాదు. సార్ రాశారు. నిన్న నాతో ఒప్పుకున్నారు. సాయంత్రం అసలు దాంట్లోంచి తీసేశారు."

"రుజువుందా?"

ప్రతి షరతు తర్వాత వదిలిన ఖాళీ వరుసలని వేలితో చూపించింది. చూపిస్తూనే అది ఎంత పేలవంగా ఉందో తెలిసింది. ఖాళీని చూపించి ఇదే మనిషి అంటే ఎవరు నమ్ముతారు? మేనేజర్ నవ్వు ఆపుకున్నాడు. అధికారిణి నవ్వలేదు కానీ, కాగితం మీద ఆ సంగతి రాసుకోనూ లేదు.

డ్రైవరక్క తెర వైపు కాదు, ట్రిగ్గరమ్మ వైపే చూస్తోంది. మందు వేసిన కళ్ళు తడిగా, తెరిచి, రెప్ప వెయ్యకుండా.

*

డ్రైవరక్క మీద సస్పెన్షన్ ఆ మధ్యాహ్నమే ఎత్తేశారు. ట్రిగ్గరమ్మ మీద వేరే విచారణ అన్నారు, అది తేలేదాకా పట్టికల తాళాలు, అంటే పాస్‌వర్డ్‌లు, అప్పగించి శిక్షణ గదిలో కొత్తవాళ్ళకి పాఠాలు చెప్పమన్నారు. తాళాలు ఎవరికి అప్పగించాలో కూడా రాశారు. కంప్యూటర్ విభాగం పెద్దకి.

అప్పగించే ముందు ఇలాంటిది మళ్ళీ జరగకుండా ఏదైనా చెయ్యమంది అధికారిణి.

"ఇద్దరు ఒకే వరుసని రెండు రకాలుగా మారిస్తే ఎవరి మాట నెగ్గాలి?"

"ఎవరిదీ నెగ్గకూడదు మేడమ్. సేవ్ అక్కడికక్కడే ఆగిపోవాలి. ఎర్రగా చెప్పాలి. మనిషి వచ్చి చూడాలి."

మిగతావన్నీ నడిచాక చివర్లో ఒకసారి చూసే కాపలా రాసింది. మనిషి పెట్టినదీ, చివరికి మిగిలినదీ వేరైతే మొత్తం వెనక్కి తోసెయ్యమని. రాస్తుంటే బాబాయ్ వెనకాల వచ్చి నిలబడ్డాడు. కాసేపు చదివాడు.

"అమ్మడూ," అన్నాడు గొంతు తగ్గించి. "నా రిటైర్మెంటుకి ఇంకెంతో కాలం లేదు. నీకు ముందు బోలెడంత ఉంది. నీకు మెమోతో పోతుంది, నాకైతే అంతా పోయేది. ఆలోచించు, కోపం తగ్గాక నీకే తెలుస్తుంది."

ఫ్లాస్కు తెచ్చుకున్నాడు. అలవాటుగా రెండో కప్పులోకి సగం ఒంపాడు.

"ఇది నా పేరు మీదే ఉంది సార్," అంది ఆమె తెర వైపే చూస్తూ. "ఇది నేనే రాశాను. ఎవరైనా అడిగితే అలాగే చెప్పండి."

ఒక్క ఖాళీ వరుస కూడా లేకుండా ఇరికించి రాసి, సేవ్ చేసి, మూసేసి, మళ్ళీ తెరిచి చూసుకుంది. పాస్‌వర్డ్‌లు రాసిన కాగితం ఆయన ముందు పెట్టి వచ్చేసింది. టీ అక్కడే చల్లారింది.

మర్నాడు ఉదయం చెట్టు నీడ అంచున నిలబడింది. దూరం నుంచే గుర్తుపట్టింది, ఆ మలుపు అంత మెత్తగా తిప్పేది డ్రైవరక్క ఒక్కతే. బస్సు ఆమెని దాటి వెళ్ళి, సరిగ్గా స్టాపు దగ్గర ఆగింది. హారన్ మోగలేదు. నాలుగడుగులు పరిగెత్తి ఎక్కింది.

డ్రైవరక్క రోడ్డు వైపే చూస్తోంది. ఎండ పడకుండా అద్దం మీది రేకు కిందకి దించుకుంది.

"నిన్న నా డ్యూటీ వేసినప్పుడు మూసి మళ్ళీ తెరిపించాను," అంది. "ఇకనుంచి రోజూ తెరిపిస్తాను."

"మంచిదక్కా."

"నువ్వు చూపించకపోతే నా ఉద్యోగం పోయేది."

ట్రిగ్గరమ్మ కడ్డీ పట్టుకుని నిలబడే ఉంది.

"ఆ పేరు నీది కాకపోతే నాకు మనసులో ఈ గొడవే ఉండేది కాదు. ఆయన రాశాడని నువ్వంటావు. కాదని ఆయనంటాడు. నాకు ఆ రాతలు చదవడం రాదు. రాత్రంతా కూర్చున్నానమ్మా. ఇందులో ఏది ముందు నమ్మాలో, ఏది తర్వాత నమ్మాలో తేలట్లేదు."

నేను కాదక్కా అనే మాట నోటిదాకా వచ్చింది. నిన్న అందరి ముందూ అనేసిన మాటే. ఇప్పుడు ఇంకోసారి అంటే బరువు పెరగదు.

"తేలేదాకా ఏదీ నమ్మొద్దక్కా," అంది. "అది తప్పు కాదు."

డ్రైవరక్క మొదటిసారి పైనున్న అద్దంలోంచి ఆమెని చూసింది. ఏదో అనబోయింది. వెనకాల ఇంకో బస్సు హారన్ కొట్టింది.

"కూర్చో, పడతావు," అని గేరు వేసింది.

తన పాత చోటు, డ్రైవరు వెనకాల సీటు, ఖాళీగానే ఉంది. ట్రిగ్గరమ్మ దాన్ని దాటి లోపలికి వెళ్ళి కూర్చుంది.